ఆదివారము: పేరు, పుట్టుక, సెలవు



గడచిన శీతకాలమున ఒక సాయంకాలము ఆలేరులో మా యింటి అరుగుమీద ఇరువురు పెద్దలు వాదులాడుకొనిరి. ఒకరు, "ఆదివారమనేది దొరలు తెచ్చిన ముచ్చట. మన తాతలకు ఈ సెలవు ఎక్కడిది?" అనిరి. రెండవవారు, "ఏడు వారాలు లెక్క పెట్టినోళ్లు మన ఋషులే. లోకమంతా మన దగ్గరనే నేర్చుకున్నది" అనిరి. తుదకు ఇరువురును నావంక తిరిగి, "పంతులుగారూ, మీరే చెప్పుండ్రి" అనిరి.

నేను ఆనాడు ఏమియు చెప్పలేదు. బడిలో ముప్పది యేండ్లు ఈ విషయమునే పిల్లలకు కొంత తప్పుగా బోధించినవాడను గనుక, నోరు తెరచుటకు సంకోచించితిని. ఆ తప్పుతోనే ఈ ప్రసంగమును ప్రారంభింతును.

"ఆది యనగా మొదలు; మొదటి వారము గనుక ఆదివారము" అని నేను నల్లబల్లమీద వ్రాసి చెప్పుచుండెడివాడను. వినుటకు ఇంపుగానే యున్నది. ఒకనాడు మా బడిలోని ఉర్దూ ఉపాధ్యాయులు నవ్వి, "అయ్యా, మేము ఇత్వార్ అందుము. అందులో మొదలను మాట ఎక్కడున్నది?" అని అడిగిరి. ఇంటికి పోయి ఆలోచించితిని. ఇత్వార్ అనునది ఆదిత్యవారమే. సంస్కృతపు 'ఆదిత్య' ప్రాకృతములో నలిగి, అరిగి, హిందీ ఉర్దూలలో 'ఇత్' అయినది; మహారాష్ట్రులలో 'ఆయిత్' అయినది; మనయందు కడపటి అక్షరము జారిపోయి 'ఆది' మిగిలినది. మన పొరుగువారైన కన్నడిగులు నేటికిని ఆదిత్యవారమని నిండుగానే పలుకుదురు. చాళుక్య కాకతీయుల కాలపు శాసనములలో ఆదిత్యవారము, ఆదివారము అను రెండు రూపములును కానవచ్చును. కాబట్టి ఆదివారమనగా సూర్యుని వారము. భానువారము, రవివారము అను పేర్లకును అర్థమదియే. తమిళులు వాడు 'ఞాయిఱు' అను మాటకును సూర్యుడనియే అర్థము.

ఇందులో ఒక చమత్కారము కలదు. పారసీకులు ఆదివారమును యక్‌షంబా అందురు. యక్ అనగా ఒకటి. అరబ్బులు దానినే అహద్ అందురు, అదియు ఒకటియే. ఆ జాతులవారికి ఆదివారము నిజముగనే మొదటి దినము. నేను చెప్పిన అర్థము పారసీకమున ఒప్పు, తెలుగున తప్పు!

శాసనముల మాట వచ్చినది గనుక మా కొలనుపాకను తలపకుండ ముందుకు పోజాలను. ఆలేరునుండి ఆమడ దూరమైనను లేని ఆ యూరు కల్యాణ చాళుక్యుల కాలమున కొల్లిపాక ఏడువేల నాటికి ముఖ్యపట్టణము. జైనులకు తీర్థము, వీరశైవులకు రేణుకాచార్యుల స్థానము. అచ్చటి సోమేశ్వరాలయమునకు పోయినవారు రాతిపలకలను చూచియే యుందురు. ఆ కాలపు శాసనములలో దానము చేసిన దినమును తెలుపునపుడు శకవర్షము, సంవత్సర నామము, మాసము, పక్షము, తిథి చెప్పి, వారమును కూడ చెప్పుదురు. శనివారమునకు వడ్డవారమను పాతపేరు కూడ వానియందు కనబడును. ఆ వారమే నేటి చరిత్రకారునికి ఒరపిడిరాయి. శకవర్షమును తిథిని బట్టి గణించినపుడు వారము సరిపోయినచో శాసనపు కాలము నిశ్చయము; సరిపోనిచో చెక్కినవాడో చదివినవాడో పొరబడినాడని అనుమానింపవలెను. ఇందులకై స్వామికన్ను పిళ్లెగారు 1922లో ప్రకటించిన పట్టికలు పరిశోధకుల చేతులలో నేటికిని నలుగుచున్నవి.

వారమునకు ఇంతటి బలము ఎందుచేత కలిగినది? తిథికి వృద్ధిక్షయములు కలవు. మాసమునకు అధికము కలదు. వారమునకు అట్టిదేదియు లేదు. 1582లో రోమునందలి మతాధిపతి పంచాంగమును దిద్ది, అక్టోబరు 4వ తేదీ తరువాత 15వ తేదీ రావలెనని శాసించెను. తేదీలు పది మాయమైనవి. కాని 4వ తేదీ గురువారము, మరునాడు 15వ తేదీ శుక్రవారము! తేదీలను త్రెంచగలిగినవారు కూడ వారముల గొలుసును ముట్టలేదు.

ఇక పుట్టుక. ఇచ్చట మన రెండవ పెద్దమనిషికి కొంత నిరాశ తప్పదు. వేదములయందు ఏడువారముల పేర్లు లేవు. వేదాంగ జ్యోతిషమునందు తిథి నక్షత్రములే గాని వారము లేదు. మన దేశపు శాసనములలో వారము పేరు మొదట స్పష్టముగా కనబడునది మధ్యప్రదేశమునందలి ఏరణ్ స్తంభము మీద. అది బుధగుప్తుని కాలపుది, క్రీస్తుశకము 484 నాటిది. అందు సురగురుని దినము, అనగా గురువారము చెప్పబడినది. అంతకు నాలుగు వందల యేండ్లకు ముందే రోమకులు గ్రహముల పేర్లతో దినములను లెక్కించుచుండిరి.

సూర్యుని తరువాత చంద్రుడు, చంద్రుని తరువాత కుజుడు: ఈ వరుస ఎట్లు వచ్చినది? ఆకాశమున గ్రహములున్న వరుస ఇది కాదు గదా. ఆర్యభటుడును, సూర్యసిద్ధాంతమును దీనికి సూత్రము చెప్పినారు. మందగతినుండి శీఘ్రగతికి గ్రహములను వ్రాయుడు: శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. అహోరాత్రమునకు హోరలు 24. ఒక్కొక్క హోరకు ఒక్కొక్క గ్రహము అధిపతి; సూర్యోదయమున మొదటి హోర ఎవరిదో ఆ దినము వారిది. ఆదివారమున మొదటి హోర రవిది. ఏడేసి చొప్పున తిరిగి 8వది, 15వది, 22వది మరల రవివే. 23వది శుక్రునిది, 24వది బుధునిది. మరునాటి తొలి హోర చంద్రునిది, కనుక సోమవారము. వ్రేళ్లమీద లెక్కించి చూడుడు, ఏడు దినములును తప్పక వచ్చును.

ఈ హోర యను మాట అహోరాత్రమను పదమున మొదటి, చివరి అక్షరములు పోగా మిగిలినదని కొందరందురని వరాహమిహిరుడు బృహజ్జాతకమున వ్రాసెను. మా గురువులు నాకు అట్లే చెప్పిరి. గ్రీకులలోను హోర యను మాటయే కలదు, అర్థమును అదియే. అది వారినుండియే మనకు వచ్చినదని నేటి పండితులందురు. గురువులయందు నాకు గల భక్తి లేశమైనను తగ్గలేదు గాని, నేను వేసికొన్న ఒక లెక్క నన్ను రెండవ పక్షమునకే ఈడ్చినది. మన ప్రాచీనులు దినమును 24 పాళ్లు చేయలేదు. 60 ఘడియలు చేసిరి. ఘడియకొక గ్రహమును అధిపతిగా పెట్టి అదే వరుసను నడిపి చూచితిని. 57వ ఘడియ రవిది, 58వది శుక్రునిది, 59వది బుధునిది, 60వది చంద్రునిది. మరునాటి మొదటి ఘడియ శనిది! అనగా ఆదివారము వెంటనే శనివారము రావలెను. అట్లు రాలేదు. వారముల వరుస 24 హోరల లెక్కలోనే పుట్టినదనుటకు నాకు ఇంతకన్న సాక్ష్యము అక్కరలేదు. వచ్చినదానిని మనవారు సొంతము చేసికొని పంచాంగమున ఒక అంగముగా నిలిపిరి. సప్తమి ఆదివారము కలిసినచో భానుసప్తమి యనిరి. ఆదివారమున తలంటు తాపకరమని నిషేధించిరి. సెలవు పుణ్యమా యని నేడు తలంట్లన్నియు ఆనాడే!

సెలవు మాట వేరు. మొదటి పెద్దమనిషికి సగము జయము ఇక్కడ. రోమక చక్రవర్తి కాన్‌స్టాంటైను క్రీస్తుశకము 321 మార్చి 7న, సూర్యుని దినమున న్యాయాధిపతులును, పట్టణ ప్రజలును, చేతిపనివారును విశ్రమింపవలెనని ఆజ్ఞ చేసెను. వ్యవసాయదారులకు మాత్రము పని చేసికొనుటకు అనుమతి నిచ్చెను. వాన మనుష్యుని సెలవుకొరకు ఆగదని అతనికి తెలిసినది కాబోలు. మన దేశమున ఆ సెలవు కూలివానికి ఊరక రాలేదు. బొంబాయి మిల్లులలో పనివారి పక్షమున నారాయణ మేఘాజీ లోఖండేగారు 1884 మొదలు పోరాడగా, 1890లో మిల్లుల యజమానులు ఆదివారపు సెలవునకు ఒప్పుకొనిరి. మరుసటి యేటి ఫ్యాక్టరీల చట్టములో వారమునకొక సెలవు చేరినది.

మా నిజాము రాజ్యమున సెలవు ఆదివారము కాదు, శుక్రవారము. మా తండ్రిగారు ఉర్దూ బడిలో చదివిరి. వారికి నెలలు ఆజూరు, దై, బహమన్, సంవత్సరము ఫసలీ, సెలవు జుమా. శుక్రవారము ఇల్లు అలికి లక్ష్మీపూజ చేయు దినము గనుక, సెలవని సంతోషించిన పిల్లవానికి పేడ తెచ్చుట, నీళ్లు మోయుట తప్పెడివి కావట. 1948 సెప్టెంబరు 17న నిజాము ప్రభుత్వము లొంగిపోయినది. ఆ దినము శుక్రవారమే. ఆ తరువాత సెలవు ఆదివారమునకు మారినది. తొలి శుక్రవారమున బడికి పోవలసివచ్చినపుడు ఎవరో మోసము చేసినట్లు తోచినదని తండ్రిగారు చెప్పుచుండిరి. రాజ్యము మారినదని వారికి తెలిసినది జెండాను చూచి కాదట, పలకాబలపము పట్టుకొని శుక్రవారమునాడు బడికి నడచినపుడట.

అయినను సెలవు శుక్రవారమైన ఆ కాలమున సైతము మా ప్రాంతపు గొల్లకురుమలు, కాపులు బండ్లు కట్టుకొని కొమురవెల్లి మల్లన్న కడకు పోయినది ఆదివారములనే. సంక్రాంతి మొదలు ఉగాది దాక ప్రతి ఆదివారమును అచ్చట జాతర. మొదటిది పట్నం వారము, రెండవది లష్కర్ వారము. మహారాష్ట్రులు ఖండోబా యని కొలుచునదియు ఆ దైవమునే. ఆయనకు మార్తాండభైరవుడను నామము కలదు. మార్తాండుడనగా సూర్యుడు. పసుపు బండారు చల్లుకొని పట్నము వేయించు భక్తునికి కాన్‌స్టాంటైనుతోను, సర్కారు సెలవుతోను పనిలేదు.

ఈ మాటలన్నియు మరునాడు అరుగుమీద చెప్పితిని. మొదటి పెద్దమనిషి, "అయితే సెలవు దొరలదే గదా" అనిరి. రెండవవారు ఘడియల లెక్క నమ్మక, బొగ్గు తెమ్మని గోడమీద అరువది గీతలు గీసిరి. మూడుసార్లు లెక్కించిరి. మూడుసార్లును శనియే వచ్చెను. ఆ గీతలు మా గోడమీద ఇంకను ఉన్నవి. సున్నము వేయించుటకు నాకే మనసొప్పలేదు.