ఆకలి నిర్మూలన, సుస్థిర వ్యవసాయం: నగరి, చిత్తూరు ప్రాంతం

ఆకలి అంటే కడుపు నిండకపోవడం ఒక్కటే కాదు, కడుపు నిండినా ఒంటికి కావలసినది అందకపోవడం కూడా. ఐక్యరాజ్యసమితి 2015 సెప్టెంబరులో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో రెండవది 2030 నాటికి ఈ రెండు రకాల ఆకలీ పోవాలని కోరింది. సుస్థిర వ్యవసాయాన్ని కూడా ఆ లక్ష్యంలోనే చేర్చింది. ఐరాస సంస్థలు 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2024లో ఆకలితో ఉన్నవారు సుమారు 67 కోట్లు. పోషకాహారం కొనుక్కునే స్తోమత లేనివారు దాదాపు 260 కోట్లు. కుశస్థలి ఒడ్డున, తమిళనాడు సరిహద్దులో ఉన్న నగరికీ, దాని చుట్టూ ఉన్న చిత్తూరు, తిరుపతి జిల్లాల మెట్ట పల్లెలకూ ఈ రెండో అంకే ఎక్కువ వర్తిస్తుంది. ఇక్కడ కొరత బియ్యానికి కాదు. పొలంలోనూ పళ్లెంలోనూ పంటల రకాలు తగ్గిపోవడమే అసలు సమస్య. కాబట్టి సాగు పద్ధతిని ఒక శాఖ, రేషను సరుకును మరో శాఖ వేరువేరుగా దిద్దితే పని జరగదు.

ఈ సీమ తిండిలేని రోజులను కూడా చూసింది. 1876-78 నాటి ధాత కరువు దక్షిణ భారతమంతటినీ కమ్మినప్పుడు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ కరువులోనూ దేశం నుంచి ధాన్యం ఓడలకెక్కి పోయింది. ధాన్యం ఉండటం వేరు, దాన్ని అందుకునే శక్తి మనిషికి ఉండటం వేరు అని అమర్త్య సేన్ 1981లో వివరించిన సూత్రానికి ఇది చక్కటి నిదర్శనం. 1950ల మొదట్లో రాయలసీమ మళ్లీ గంజి కేంద్రాల దగ్గర వరుసకట్టింది. ఆ అవమానానికి ముగింపు పలికింది చవక బియ్యమే. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలను హక్కుగా మార్చింది. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అయితే బియ్యం చవకయిన కొద్దీ రాగి సంగటి వెనక్కి తగ్గింది. మెట్ట చేలల్లో చెనిక్కాయ ఒక్కటే పంటగా పరుచుకుంది. ఒకప్పుడు దానితో పాటు సాళ్లుగా వేసిన కంది, అలసంద, అనుములు పలచబడ్డాయి. కలుపు మందులు వచ్చాక చేలగట్ల మీది గురుగాకు, చెంచలాకు కూడా పోయాయి. కూలికి పోయిన ఆడవాళ్లు ఒడిలో కోసుకొచ్చి పుల్లగూర వండుకున్న ఆకులవి. వాటికి ధర లేదు కాబట్టి ఆ నష్టం ఏ లెక్కలోకీ ఎక్కలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 58.8 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత కనిపించింది. దీనికి తిండి ఒక్కటే కారణం కాకపోవచ్చు. తిండి ప్రధాన కారణాల్లో ఒకటనడంలో మాత్రం సందేహం లేదు.

సాగు వైపు నుంచి జరుగుతున్న ప్రయత్నాల్లో పెద్దది ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం. 2004 తర్వాత మహిళా సంఘాల ద్వారా సాగిన పురుగుమందులు లేని సేద్యం దీనికి పునాది. రైతు సాధికార సంస్థ 2016 నుంచి దీన్ని నడిపిస్తోంది. జీవామృతం, బీజామృతం, ఆచ్ఛాదన వంటివి చాలామందికి తెలిసినవే. మెట్టకు అంతకంటే ముఖ్యమైనది నవధాన్య సాగు. తొలకరి రాకముందే మట్టి, ఘనజీవామృతం పట్టించిన పలు రకాల విత్తనాలను పొడి నేలలో చల్లుతారు. చిరుజల్లులకే మొలిచిన ఆ మొక్కలు నేలను ఎండకు వదలకుండా కప్పి, పశువుకు మేత, ఇంటికి ఆకూ కాయా ఇస్తాయి. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ మానవాళి పురస్కారంలో భాగం దక్కింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది.

దీనిపై వచ్చే మొదటి అభ్యంతరం దిగుబడి గురించి. జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లోనే సందేహాలు లేవనెత్తింది. 2021 ఏప్రిల్‌లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించి, వరి దెబ్బతిని, ఆ ఏడాదే వెనక్కి తగ్గిన సంగతిని కూడా విమర్శకులు గుర్తుచేస్తారు. ఈ భయం కొట్టిపారేయదగ్గది కాదు. కానీ శ్రీలంకలో జరిగింది రాత్రికి రాత్రి వచ్చిన ఉత్తర్వు; ఇక్కడ ఒక్కో ఊళ్లో సాటి రైతే బోధకుడై ఏళ్ల తరబడి నడిపిస్తున్న మార్పు. పైగా రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ పొలాల్లో జరిపిన ప్రయోగాల్లో ప్రకృతి సేద్యపు దిగుబడి రసాయన సేద్యానికి తీసిపోలేదు. నీటి పారుదల కింద అధిక దిగుబడి తీసే వరికి, చెరకుకు ఇదే మాట అంత ధీమాగా చెప్పలేం. వాన మీద బతికే నేలకు మాత్రం చెప్పవచ్చు. అక్కడ రైతును ముంచేది తక్కువ దిగుబడి కంటే వాన మొహం చాటేసిన ఏడాది మిగిలే పెట్టుబడి అప్పు.

రక్తహీనతకు బలవర్ధక బియ్యం చాలదా అన్నది రెండో అభ్యంతరం. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన ఆ బియ్యం 2024 నాటికి రేషను అంతటా వచ్చింది. కొంత మేలు చేయవచ్చు కూడా. అయితే పప్పు ఇచ్చే మాంసకృత్తులను, రాగి ఇచ్చే కాల్షియాన్ని అది ఇవ్వదు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే తెల్ల బియ్యంలో పది దరిదాపుల్లో ఉంటుంది. పైగా ఆ మార్పు మిల్లు దగ్గరే ఆగుతుంది, చేను వరకూ రాదు.

అసలు చిక్కు కొనుగోలులో ఉంది. విత్తనానికి కొదవలేదు: తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లె వ్యవసాయ పరిశోధనా స్థానం వకుళ, తిరుమల వంటి రాగి రకాలను ఇచ్చింది. రుచి మరిచిపోలేదు: సంగటి, ఊరుబిండి, పితికిపప్పు కూర ఇప్పటికీ ఈ ప్రాంతపు గౌరవ భోజనమే. కానీ హోటల్లో అది ఖరీదైన వంటకమైంది. నగరిలో మరమగ్గం మీద కూలికి నేసేవారికి చేను లేదు. దుకాణంలో చవకగా దొరికిందే వారి తిండి. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు 1990లలోనే దీనికి ఒక దారి చూపారు. బీడు భూమి సాగుకు అప్పు ఇచ్చి, దాన్ని జొన్నల రూపంలో తిరిగి తీసుకుని, ఊరి పేదలకే తక్కువ ధరకు అమ్మారు. పక్క రాష్ట్రం కర్ణాటక రాగులు కొని రేషనులో ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చిలో బడి పిల్లలకు రాగిజావ మొదలైంది. ఆ రాగులను ఈ మెట్ట రైతుల దగ్గరే కొనడం తర్వాతి మెట్టు కావాలి. 2025-26కు కేంద్రం ప్రకటించిన రాగి మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. ఆ ధరకు కల్లం దగ్గరే కొనే ఏర్పాటు వరికి ఉన్నంతగా రాగికి ఇంకా లేదు.