పెర్లెట్ లూయిజీ: తరగతి గది నుంచి గవర్నర్ జనరల్ పదవికి

తూర్పు కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా 616 చదరపు కిలోమీటర్ల చిన్న ద్వీప దేశం. జనాభా సుమారు 1,80,000. అర్థశాస్త్రవేత్త ఆర్థర్ లూయిస్, కవి డెరెక్ వాల్కాట్ అనే ఇద్దరు నోబెల్ గ్రహీతలకు అది జన్మభూమి. ఆ దేశానికి 1997 నుంచి 2017 వరకు గవర్నర్ జనరల్‌గా వ్యవహరించిన డేమ్ పెర్లెట్ లూయిజీ, ఆ పదవిని అధిష్ఠించిన తొలి మహిళ. వృత్తిరీత్యా ఆమె భాషలు బోధించిన అధ్యాపకురాలు.

లూయిజీ 1946 జూన్ 8న ద్వీపం దక్షిణ తీరాన ఉన్న లాబోరీ గ్రామంలో జన్మించారు. సెయింట్ జోసెఫ్స్ కాన్వెంట్‌లో విద్యాభ్యాసం సాగించి, బార్బడోస్‌లోని వెస్టిండీస్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1969లో ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో పట్టా పుచ్చుకున్నారు. తాను చదివిన కాన్వెంట్‌లోనే ఉపాధ్యాయినిగా చేరారు. ఆ తరువాత కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం అభ్యసించి, స్వదేశానికి తిరిగివచ్చి ఫ్రెంచి బోధించారు. అనంతరం కళాశాల ప్రిన్సిపాల్ బాధ్యతలు చేపట్టారు. 1994లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు.

ఆమె జీవితంలో పదవి కంటే ఆసక్తికరమైనది భాష కథ. ఫ్రాన్స్, బ్రిటన్‌ల మధ్య సెయింట్ లూసియా పద్నాలుగు మార్లు చేతులు మారిందని చెబుతారు. చివరకు 1814లో బ్రిటన్‌కు దక్కింది. పాలన, పాఠశాల, న్యాయస్థానం ఇంగ్లీషువయ్యాయి. ప్రజల నోట మాత్రం ఫ్రెంచి పదజాలంపై ఆఫ్రికా బానిసలు నిర్మించుకున్న క్వేయోల్ భాషే నిలిచింది. దానిని చాలాకాలం మోటు యాసగా పరిగణించారు. బడిలో ఆ భాష మాట్లాడిన పిల్లలను శిక్షించేవారు. ఇటువంటి అనుభవం మన ఇంగ్లీషు మాధ్యమం బడుల్లో చదివిన వారికీ అపరిచితం కాదు.

స్వాతంత్ర్యం కూడా ఈ స్థితిని వెంటనే మార్చలేదు. 1979 ఫిబ్రవరి 22న దేశం స్వతంత్రమైనప్పుడు అమలులోకి వచ్చిన రాజ్యాంగం, పార్లమెంటు సభ్యత్వం కోరేవారికి సభా కార్యక్రమాల్లో పాల్గొనగలిగినంత ఇంగ్లీషు పరిజ్ఞానం ఉండాలని నిర్దేశించింది. క్వేయోల్ మాత్రమే తెలిసిన పౌరుడు ఓటు వేయవచ్చు గాని, సభలో కూర్చోలేడు.

ఈ నేపథ్యంలో క్వేయోల్‌కు స్థిరమైన లిపి పద్ధతిని ఏర్పరచేందుకు 1980ల ఆరంభంలో కృషి మొదలైంది. అందులో లూయిజీ పాలుపంచుకున్నారు. ఆ భాషను రాయడమెలాగో నేర్పే చేతిపుస్తకాన్ని 1983లో మరొకరితో కలిసి వెలువరించారు. వ్యాకరణం లేదని ఈసడించిన భాషకు అక్షరక్రమం కూర్చడం పైకి చిన్న పనిగానే కనిపిస్తుంది. అయితే అక్షరక్రమం లేనిదే పాఠ్యపుస్తకం లేదు, నిఘంటువూ లేదు.

1997 మే ఎన్నికల్లో కెన్నీ ఆంథొనీ నాయకత్వంలోని లేబర్ పార్టీ 17 స్థానాలకు 16 గెలుచుకుంది. అప్పటి గవర్నర్ జనరల్ జార్జ్ మాలెట్ పూర్వం ప్రత్యర్థి పార్టీ ప్రభుత్వంలో మంత్రి. ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. ఏ పార్టీ ముద్రా లేని విద్యావేత్త లూయిజీ సెప్టెంబరులో బాధ్యతలు స్వీకరించారు. బ్రిటన్ రాజు లేదా రాణి ప్రతినిధిగా ఉండే ఈ పదవి చాలావరకు లాంఛనప్రాయం. మన దేశంలో రాజగోపాలాచారితో ముగిసిన పదవి అటువంటిదే. లూయిజీ హయాంలో ప్రభుత్వం మూడుసార్లు పార్టీ మారింది. 2007 సెప్టెంబరులో ప్రధాని జాన్ కాంప్టన్ మరణించగా, స్టీఫెన్‌సన్ కింగ్ చేత ఆమె ప్రమాణం చేయించారు. ఇరు పార్టీల పాలనలోనూ ఆమె పదవి కొనసాగిందంటే, తటస్థతపై ఉభయులకూ నమ్మకం కుదిరిందనే భావించాలి.

ఒకప్పుడు బడిలో నిషిద్ధమైన క్వేయోల్‌ను ఆమె తన అధికారిక ప్రసంగాల్లోకి తెచ్చారు. 2017 డిసెంబరు 31న పదవీ విరమణ చేశారు.

ఏటా అక్టోబరు చివరి ఆదివారం సెయింట్ లూసియా వాసులు క్వేయోల్ దినోత్సవం జరుపుకుంటారు. ఆనాడు వారు ధరించే సంప్రదాయ దుస్తులు గళ్ల నూలు వస్త్రంతో కుట్టినవి. ఆ వస్త్రాన్ని అక్కడ నేటికీ ‘మద్రాస్’ అనే పిలుస్తారు. అది తొలుత ఓడల్లో బయలుదేరిన రేవు పేరే దానికి స్థిరపడింది.