‘దీర్ఘశాంతం’: నెల్లూరు పశ్చిమ సీమ బాప్తిస్టు మిషను చరిత్రలో ఒక భావన

తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో దైవగుణాలను చెప్పే మాటల్లో ‘దీర్ఘశాంతం’ విశిష్టమైనది. మానవుని దోషాన్ని చూసి వెంటనే దండింపక, అతడు మారడానికి దేవుడు వ్యవధి ఇస్తాడన్న బోధ ఈ సమాసంలో ఇమిడి ఉంది. పెన్నానది వెలికొండలను దాటి మైదానంలో ప్రవేశించే సోమశిల పరిసరాల్లో, ఉదయగిరి, ఆత్మకూరు సీమల్లో ఈ బోధను వ్యాపింపజేసిన సంస్థల్లో అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషను ముఖ్యమైనది. ఆ మిషను చరిత్రలో ఈ భావన ఎలా పరీక్షకు నిలిచిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ముందుగా పదాన్ని గమనించాలి. హీబ్రూ నుడికారం కోపం రావడానికి పట్టే దీర్ఘకాలాన్ని సూచిస్తుంది. గ్రీకు పదం ‘మక్రోథూమియా’ కూడా అటువంటిదే. తెలుగు అనువాదం దీర్ఘత్వాన్ని నిలుపుకొని, కోపమున్న చోట శాంతాన్ని ఉంచింది. ఓర్పు, సహనం అన్న మాటలు బాధకు లోబడినవాడి స్థితినీ చెప్పగలవు. దీర్ఘశాంతం మాత్రం దండించే శక్తి ఉండీ దండించనివాడి గుణంగా ధ్వనిస్తుంది. రోమా పత్రిక రెండవ అధ్యాయం ఈ గుణాన్ని మారుమనస్సుతో ముడిపెట్టింది. కనుక ఇది దోషాన్ని ఉపేక్షించడం కాదు. లూకా సువార్త 13వ అధ్యాయంలోని అంజూరపు చెట్టు ఉపమానంలో తోటమాలి ఒక్క ఏడు గడువు కోరడంతో ఆగడు. చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. గడువుతో పాటు శ్రమ కూడా కృపలో భాగమే.

ఈ ఉపమానం మిషను చరిత్రకే వర్తిస్తుంది. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో కేంద్రం నెలకొల్పారు. ఫలితాలు స్వల్పం కావడంతో 1848, 1853, 1862 సంవత్సరాల్లో మూడుసార్లు దీనిని మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో చర్చకు వచ్చింది. 1853 చర్చ సందర్భంగా శామ్యూల్ స్మిత్ రాసిన కవితతో ‘ఒంటి నక్షత్రం’ అన్న పేరు దీనికి స్థిరపడింది. 1862లో లైమన్ జ్యూయెట్ తాను ఒంటరిగానైనా తిరిగి వెళ్తానని పట్టుబట్టారు. దైవ దీర్ఘశాంతాన్ని బోధించవలసిన సంస్థకే ఓపిక సన్నగిల్లిన ఘట్టాలివి.

రెండవ పరీక్ష 1876-78 కరవు. అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలులో పనిచేస్తున్న జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనికి గుత్త తీసుకొని కరవు బాధితులకు కూలి కల్పించారు. సహాయం అందుతున్నంతకాలం బాప్తిస్మమివ్వడం ఆపివేశారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది కారణం. ఆ పని ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు. ఇక్కడొక ప్రశ్న తప్పదు. మానవ బలహీనతను ఎరిగి చేరదీసే దేవుని పేరిట, ఆకలిగొన్నవారి ఉద్దేశాన్ని పరీక్షించడం సమంజసమా? అయితే క్లౌ ఆపినది బాప్తిస్మాన్నే గాని కూలిని కాదు. కనికరానికి షరతు లేదు, సభ్యత్వానికి ఉంది. ఈ భేదాన్ని గుర్తించకపోతే ఆ నిర్ణయం కాఠిన్యంగానే కనిపిస్తుంది.

మూడవ పరీక్షను ఎదుర్కొన్నవారు విశ్వాసులు. వీరిలో అధికులు మాదిగలు. తొలి బోధకుల్లో ఒకరైన ఎర్రగుంట్ల పేరయ్య అంతకు ముందే యోగమార్గ సాధకుడు. విగ్రహారాధన, చచ్చిన పశువుల మాంసం, ఆదివారపు పని మానాలన్న నియమాలు గ్రామ కట్టుబాటుతో ఘర్షించాయి. బహిష్కరణ వారి పాలబడింది. వారి ఓర్పును దైవ దీర్ఘశాంతంతో ఒకటిగా చూడరాదు. దేవుని శాంతం శక్తిమంతుని సంయమనం. వారి ఓర్పు నిర్బంధం నుంచి వచ్చినది. ఈ రెంటినీ కలిపివేస్తే కృపను గూర్చిన బోధ అన్యాయాన్ని భరించమనే బోధగా మారిపోతుంది.

ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో మిషను కేంద్రాలు ఏర్పడ్డాయి. మూసివేతకు మూడుసార్లు గురికాబోయిన మిషను ఈ మెట్ట సీమకు విస్తరించడానికి ఆధారం 1862లో లభించిన గడువే. అందువల్ల ఈ ప్రాంత క్రైస్తవ చరిత్రను బాప్తిస్మ సంఖ్యలతో మాత్రమే అంచనా వేయడం చాలదు. ఎవరు ఎవరికి వ్యవధి ఇచ్చారు, ఆ వ్యవధిలో ఎవరు శ్రమించారు, ఎవరు భరించారు అన్న ప్రశ్నలతో చదివినప్పుడే ‘దీర్ఘశాంతం’ అన్న మాటకు చారిత్రకార్థం స్పష్టమవుతుంది.