లంజదిబ్బ – నందపుర స్త్రీలు

కృష్ణా డెల్టాలోని బౌద్ధ స్థలాల మీద పనిచేసే పరిశోధకులకు ఒక ఇబ్బంది తప్పదు. ఆంధ్రదేశంలోని అతి ప్రాచీన ధాతు స్తూపాలలో ఒకటైన భట్టిప్రోలు మహాస్తూపానికి స్థానిక వ్యవహారంలో ఉన్న పేరు లంజదిబ్బ. గుడివాడలోని స్తూపపు దిబ్బకూ అదే పేరు. సభలలో ఈ మాట పలకవలసి వచ్చినప్పుడు వక్తలు గొంతు తగ్గిస్తారు. వ్యాసాలలో 'భట్టిప్రోలు స్తూపం' అని సరిపెట్టి ముందుకు సాగుతారు. అమరావతి స్తూపపు దిబ్బను దీపాలదిన్నె అన్నారని, జగ్గయ్యపేట స్తూపాన్ని ధనంబోడు అన్నారని మాత్రం సంకోచం లేకుండా రాస్తాం. ఆ పేర్లలోని వెలుగు, సిరి మనకు ఆధారాలవుతాయి. ఈ పేరు మాత్రం అపశ్రుతి అవుతుంది. స్థలనామం కూడా తవ్వకంలో దొరికిన పెంకు వంటిదే. నచ్చలేదని దాన్ని పక్కకు విసరరాదు.

మొదట మాట సంగతి. లంజ అనే పదానికి సంస్కృత నిఘంటువులలోని 'లంజికా' శబ్దంతో సంబంధం స్పష్టమే. అర్థం వేశ్య. తెలుగులో ఇది వృత్తిని తెలిపే మాటగా నిలవలేదు. హద్దు దాటిందని సమాజం అనుకున్న ఏ స్త్రీ మీదికైనా విసిరే రాయి అయింది. దీనికి పుంలింగ రూపం లేదు. ఆమె ఇంటి మెట్లెక్కినవాడు విటుడు. సంస్కృత నాటకాలలో విటుడు చతురుడైన పాత్ర. ధనవంతుడైతే భోగి, పద్యం తెలిసినవాడైతే రసికుడు. 'భోగి' పురుషునికి కీర్తి, 'భోగం' స్త్రీకి నింద, ధాతువు ఒక్కటే. చివరికి పురుషుణ్ణి తిట్టవలసి వచ్చినా మన భాష అతని నడతను ముట్టుకోదు, తల్లిని ముందుకు లాగి అతణ్ణి ఆమె కొడుకును చేస్తుంది. స్థలనామాలలోనూ ఇదే తీరు. ఇన్నేళ్ల క్షేత్రపరిశీలనలో విటుని దిబ్బ అనే పేరు నాకు ఎక్కడా ఎదురుపడలేదు.

ఈ పేరుకు మన మధ్య బాగా చెలామణిలో ఉన్న వివరణ ఒకటుంది. బౌద్ధం క్షీణించిన తరువాత పరమతస్థులు భిక్షుణులను కించపరచడానికి వారి ఆరామాల శిథిలాలకు ఈ పేరు అంటగట్టారన్నది దాని సారాంశం. అసంభవమని అనను. అయితే స్తూపపు శాసనాలలో ఈ పేరు లేదు. అది కాగితానికి ఎక్కింది ఆంగ్ల అధికారుల సర్వేల కాలంలో. మధ్య ఉన్న సుమారు రెండు వేల ఏళ్లలో ఎవరో ఒక ద్వేషి దాన్ని సృష్టించాడని చెప్పడం చరిత్ర కాదు, ఊహ. శిథిలాలలో బయటపడిన నగ్నప్రాయమైన స్త్రీ శిల్పాలను చూసి గ్రామస్థులు అలా పిలిచారన్న ఊహ కూడా అంతే.

నాకు ఎక్కువ అభ్యంతరం ఆ వివరణ వెంట వచ్చే సమర్థన మీద. 'అక్కడ ఉన్నది లంజలు కాదు, పవిత్రులైన భిక్షుణులు' అంటాం. అంటే ఆ మాటకు తగిన స్త్రీలు వేరే ఎక్కడో ఉన్నారని, వారిని అలా పిలిస్తే తప్పు లేదని ఒప్పుకుంటున్నాం. రాయిని పట్టుకున్న చేతిని మనం ప్రశ్నించడం లేదు, గురి తప్పిందని మాత్రమే ఫిర్యాదు చేస్తున్నాం. ఈ విభజన మన పిటకాలలో ఇంత సులువుగా నిలవదు.

వినయ పిటకంలోని చుల్లవగ్గ పదవ స్కంధకం భిక్షుణులకు సంబంధించినది. మొదట్లో భిక్షుణులకు పాతిమోక్ఖాన్ని భిక్షువులే వినిపించేవారు. అందుకోసం వారు భిక్షుణుల నివాసాలకు వెళ్తుంటే చూసిన జనం, ఈ ఆడవాళ్లు వీళ్ల భార్యలు, ఈ ఆడవాళ్లు వీళ్ల జారిణులు అని చెవులు కొరుక్కున్నారు. భిక్షుణులు తమ దోషాలను వీధిలో భిక్షువుల ఎదుట మోకరిల్లి ఒప్పుకుంటుంటే, రాత్రి అలిగినవాళ్లు పగలు క్షమాపణ వేడుకుంటున్నారని అన్నారు. ఆ నింద వ్యాకరణం గమనించదగినది. జారుడు అనే మాట పాళీలో లేక కాదు. అయినా జనం భిక్షువులను జారులనలేదు. వాక్యంలో భిక్షువు షష్ఠీ విభక్తిలో, 'వీరి' అన్న మాట చాటున, క్షేమంగా నిలబడ్డాడు. కర్తృపదమూ నిందాపదమూ భిక్షుణికే దక్కాయి. ఫలితంగా భిక్షుణుల పాతిమోక్ఖాన్ని భిక్షుణులే పఠించాలని, వారి దోషాలను వారే స్వీకరించాలని అనుమతి వచ్చింది. నింద నుండి పుట్టిన ఈ మార్పు భిక్షుణీ సంఘానికి కొంత స్వయంనిర్వహణను ఇచ్చిందన్నదీ నిజమే.

అదే స్కంధకంలో మరొక ఘట్టం ఉంది. అరణ్యంలో ఉంటున్న భిక్షుణులను ధూర్తులు చెరిచారు. అప్పుడు భిక్షుణి అరణ్యంలో వసించరాదన్న నియమం వచ్చింది. ఉత్పలవర్ణ విషయంలో పారాజిక ప్రకరణం మాత్రం సందేహానికి తావివ్వలేదు: సమ్మతి లేని ఆమెకు దోషం లేదని బుద్ధుడు తేల్చాడు. ఆనాటి లోకవ్యవహారంతో పోలిస్తే ఇది చాలా పెద్ద మాట. అయినా నేరం ధూర్తులది, అడవి మూసుకుపోయింది భిక్షుణులకు. రక్షణ కోసం చేసిన నియమమేనని పూజ్య భిక్షువులు నాకు గుర్తు చేస్తారని తెలుసు, కాదనడం లేదు. పురావస్తు దృష్టితో నేను చూసేది దాని పర్యవసానాన్ని. అడవి నిషిద్ధమైన భిక్షుణి ఊరి అంచున, వీధికి దగ్గరగా, రోజూ జనం కంటబడేటట్టు ఉండవలసి వచ్చింది. భర్త చాటున గాని కొడుకు నీడన గాని లేక వీధిలో తిరిగే మరొక స్త్రీ ఆ ఊరికి తెలిసినది గణికే. చూసేవారికి వారిద్దరినీ వేరు చేసే మాట అవసరమనిపించి ఉండదు.

మరి గణిక ఎవరు? మహావగ్గం వైశాలి వైభవాన్ని వర్ణించేటప్పుడు 7,707 ప్రాసాదాలు, అన్నే కూటాగారాలు, ఉద్యానవనాలు, పుష్కరిణులు లెక్కపెట్టి, వాటి వరుసలోనే అంబపాలిని చేర్చుతుంది. ఆమె రాత్రి వెల 50 కహాపణాలు. ఆమె వల్ల నగరం మరింత శోభించిందని రాజగృహపు శ్రేష్ఠి చూసి వచ్చి బింబిసారునికి చెప్పాడు. రాజు అనుమతితో అక్కడా సాలవతిని గణికగా నిలిపారు. ఆమె వెల 100. ఆమె కన్న మగబిడ్డను చేటలో పెట్టించి చెత్తకుప్ప మీద పారవేయించింది. ఆ బిడ్డే జీవకుడు. ఇందులో ఒక స్త్రీ పతనం ఎక్కడా లేదు. వర్తక ప్రముఖుడు ప్రతిపాదించాడు, రాజు ఆమోదించాడు, నగరం గర్వించింది. నగరశోభిని అన్న బిరుదును ఇచ్చినది ఆ చేతులే.

మహాపరినిర్వాణ సూత్రంలో అంబపాలి బుద్ధుణ్ణి భోజనానికి ఆహ్వానించి వస్తుంటే లిచ్ఛవి కుమారులు ఎదురయ్యారు. లక్ష ఇస్తాం, ఆ భోజనం మాకు వదలిపెట్టమన్నారు. వైశాలిని దాని విషయంతో సహా ఇచ్చినా వదలనన్నది ఆమె సమాధానం. అప్పుడు వారు వేళ్లు విదిలిస్తూ 'మామిడి పిల్ల' చేతిలో ఓడామని అనుకున్నారు. నిన్నటి వరకు నగర భూషణమైన స్త్రీ తమతో సమానంగా బేరమాడి కాదనగానే పేరు ఎంత త్వరగా కురచ అయిందో చూడండి. బుద్ధుడు లిచ్ఛవుల కోసం మాట మార్చలేదు. ఆమె ఇంట భుజించాడు, ఆమె ఇచ్చిన ఆమ్రవనాన్ని సంఘం స్వీకరించింది. దాత ఎవరన్న శుద్ధి పరీక్ష అక్కడ జరగలేదు.

తరువాతి అట్ఠకథాకారులకు ఇది మింగుడుపడలేదనుకుంటాను. ఇంతటి థేరి గణిక ఎందుకయిందన్నదానికి వారు పూర్వజన్మ కారణం వెతికారు. థేరీగాథా అట్ఠకథ చెప్పే కథ మన ప్రస్తుత విషయానికి ఆశ్చర్యకరంగా సన్నిహితం. శిఖి బుద్ధుని కాలంలో ఆమె భిక్షుణి. చైత్యానికి ప్రదక్షిణం చేస్తుండగా ముందు నడుస్తున్న అర్హంతురాలైన థేరి తుమ్మగా ఉమ్మి చైత్య ప్రాంగణంలో పడింది. వెనుక వస్తున్న ఈమె అది చూసి, ఇక్కడ ఉమ్మిన గణిక ఎవరని తిట్టింది. ఆ మాట ఫలితంగా గణిక జన్మ. అడ్ఢకాసి కథా దాదాపు ఇదే: కస్సప బుద్ధుని కాలంలో ఒక థేరిని గణిక అన్న పాపానికి కాశీలో గణికగా పుట్టింది. స్తూప ప్రాంగణంలో ఒక స్త్రీ మీద ఈ మాట వేయడం ఎంత ఘోరమో బౌద్ధ సంప్రదాయం స్వయంగా గుర్తించిందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. కాని కథకు రెండో అంచు ఉంది. గణికగా పుట్టడమే శిక్ష అయితే ఆ మాటలోని నీచార్థానికి కర్మ సిద్ధాంతం కూడా ముద్ర వేసినట్టే కదా! పైగా, తిట్టిన స్త్రీకి జన్మజన్మల లెక్క చెప్పిన గ్రంథం అంబపాలి గుమ్మం తొక్కిన పురుషులు ఏ పూర్వపాపం వల్ల అక్కడికి వచ్చారో చెప్పదు. విమల కొండఞ్ఞ థేరుడు ఆమెకు బింబిసారుని వల్ల కలిగిన కొడుకని అట్ఠకథలే అంటాయి. బింబిసారుడు మాత్రం ధార్మిక రాజుగానే ఉండిపోయాడు.

ఇక భట్టిప్రోలుకు వద్దాం. 1892లో అలెగ్జాండర్ రీ ఆ స్తూపాన్ని తవ్వేనాటికే దాని ఇటుకలు, పాలరాళ్లు రోడ్లకూ కాలువ పనులకూ చాలావరకు తరలిపోయాయి. (అదే సంవత్సరం విజయనగరంలో కన్యాశుల్కం తొలిసారి ప్రదర్శితమైంది. 'సాని' అనే మాట చుట్టూ పెద్దమనుషుల నీతి ఎలా తిరుగుతుందో ఆ నాటకం చూపింది. ఆ మాట మూలం స్వామిని. దొరసానిలో, మంత్రసానిలో దాని గౌరవం ఇంకా మిగిలి ఉంది. ద్రాక్షారామం వంటి ఆలయాల శాసనాలలో సానులు దాతలు, సాని మున్నూరు ఒక గౌరవనీయమైన సమూహం.) స్తూప గర్భంలో మూడు రాతి మంజూషలు దొరికాయి. వాటి మీది ప్రాకృత శాసనాలను బ్యూలర్ చదివాడు. కుబిరకుడనే రాజు పేరు, గోష్ఠి సభ్యుల పేర్ల వరుసలు వాటివల్లే తెలిశాయి. మన పాఠ్యగ్రంథాలు లిపి విశేషాల కోసం, రాజు పేరు కోసం ఈ శాసనాలను ఎత్తి చూపుతాయి, అక్కడితో ఆగుతాయి.

మొదటి మంజూష దాతలలో కురుని తండ్రి, కురుడు, శివుడు అనేవారితో పాటు కురుని తల్లి ఉంది. పేరు లేదు, తల్లిగానే చెక్కారు. తండ్రికీ పేరు లేదు గనుక ఇక్కడ వివక్ష వెతకడం అనవసరం. అంతకంటె విలువైనది ధాతు నిక్షేపంలోని ఆరు పలకల స్ఫటికం. వేలి కొసంత అక్షరాలు కూడా పట్టని ఆ చిన్న ఫలకల మీద, బ్యూలర్ పఠనం ప్రకారం, నందపురం నుండి వచ్చిన స్త్రీల కానుక, సువణమాహ శ్రామణేరుల కానుక అని ఉంది. స్త్రీలకు వాడిన మాట మాతుగామ. ఎవరి భార్యలో, ఎవరి కుమార్తెలో చెప్పలేదు. కులం, వృత్తి, శీలం గురించి ఒక్క అక్షరం లేదు. ఒక ఊరి స్త్రీలు కలిసికట్టుగా ఇచ్చారు, అంతే. సూత్రగ్రంథాలలో భిక్షువులు జాగ్రత్తపడవలసిన ప్రమాదంగా తరచు వినబడే మాతుగామ అనే శబ్దం ఇక్కడ బుద్ధధాతువు పక్కన దాత పేరుగా ఉంది.

భట్టిప్రోలు ఒంటరి ఉదాహరణ కాదు. అమరావతి శాసనాలలో భిక్షుణులు దాతలుగా పదేపదే కనిపిస్తారు. కొందరు తమ కుమార్తెలతో కలిసి ఇచ్చారు. భిక్షుణికి కుమార్తె ఉండడం, ఆ సంగతి రాతి మీద అందరికీ తెలిసేలా చెక్కడం ఆనాటివారికి చెవులు కొరుక్కోవలసిన విషయం కాలేదు. నాగార్జునకొండలో చాంతిసిరి, ఉపాసిక బోధిసిరి వంటివారి దానాలు సుపరిచితమే.

కాబట్టి లంజదిబ్బ పేరును మన నివేదికల నుండి తొలగించాలన్న ప్రతిపాదనకు నేను ఒప్పుకోను. పలికేటప్పుడు తడబడడమూ వద్దు. తొలగిస్తే, ఇంటి బయట నిలబడిన స్త్రీకి ఒక్క మాట తప్ప మరేదీ ఇవ్వలేకపోయిన సమాజం తన గురించి తాను రాసుకున్న సాక్ష్యం పోతుంది. పేరును రాద్దాం, దాని పక్కనే అది ఎవరి నోటి మాటో, ఎవరి గురించి ఏమీ రుజువు చేయదో రాద్దాం. బాపట్ల జిల్లాలోని ఆ స్థలాన్ని చూడవచ్చే విద్యార్థికి రాజు కుబిరకుని పేరు చెప్పే ప్రతిచోటా నందపుర స్త్రీల ప్రస్తావన కూడా రావాలి. భిక్షుణులను వెనకేసుకొచ్చేటప్పుడు గణికలను వీధిలోకి నెట్టే వాక్యాలను మన వ్యాసాల నుండి తీసివేయాలి. అంబపాలి వనంలో విశ్రమించిన సంఘానికి అవి తగవు.

భట్టిప్రోలు ధాతువును 1920లో కోల్‌కతాలోని ధర్మరాజిక చైత్య విహారంలో ప్రతిష్ఠించారు. అక్కడ వందనం చేసే భిక్షువులలో ఎంతమందికి ఈ దిబ్బ పేరు తెలుసో గాని, ఆ ధాతువు భూమిలో ఉన్నన్నాళ్లూ నందపుర స్త్రీల స్ఫటికం దానికి తోడుగా ఉంది.