లెక్కలు నేర్చిన చెవి

1976 ఏప్రిల్‌లో వెలువడిన 'ప్రొసీడింగ్స్ ఆఫ్ ద ఐఈఈఈ' సంచికలో 501వ పేజీ నుంచి 531 దాకా ఒక సమీక్షా వ్యాసం ఉంది. మనిషి మాటను యంత్రం ఎలా గుర్తుపడుతుందన్న విషయం మీద అప్పటివరకు జరిగిన పనినంతా జల్లెడపట్టిన వ్యాసం అది. రాసినవారు డి.రాజ్ రెడ్డి, మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మనిషి. పేజీ తిప్పితే 532లో ఇంకో వ్యాసం. దాన్ని రాసినవారు ఐబీఎంలో పనిచేస్తున్న ఫ్రెడరిక్ జెలినెక్. ఎడతెగని మాటను గణాంక పద్ధతుల్లో ఎలా పట్టుకోవచ్చో అందులో వివరించారు. ఒకే సంచికలో పక్కపక్కనే కూర్చున్న ఆ రెండు వ్యాసాలకూ 2026తో యాభై ఏళ్లు.

జహీరాబాద్ బస్టాండులో ఇవాళ ఫోనును నోటి దగ్గర పెట్టుకుని నాలుగు మాటలు చెప్పి, అవి అక్షరాలుగా మారగానే కొడుక్కి పంపించే తండ్రి కనిపిస్తాడు. అతని చేతిలో ఉన్నది ఆ రెండు వ్యాసాల దారులూ కలిసిన చోటు.

కథ అంతకు చాలా ముందే మొదలైంది. అక్షరం ఎక్కడ పుడుతుందో, కంఠంలోనా దవడలోనా దంతాల దగ్గరా అని మన ప్రాచీనులు వేల ఏళ్ల కిందటే వర్గాలు కట్టారు. కానీ ఏ అక్షరం తర్వాత ఏది ఎంత తరచుగా వస్తుందో లెక్కపెట్టిన పని చాలా ఆలస్యంగా జరిగింది. 1913లో రష్యాలో ఆంద్రే మార్కోవ్ పుష్కిన్ రాసిన 'యెవ్‌గేనీ అనేగిన్' నుంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వచ్చింది, హల్లు ఎన్నిసార్లు వచ్చింది అని చేత్తో లెక్కించారు. ఇప్పుడున్న అక్షరం తెలిస్తే రాబోయేదాన్ని కొంతవరకు ఊహించవచ్చని తేలింది. 1948లో అమెరికాలో క్లాడ్ షానన్ ఆ లెక్కను సమాచార సిద్ధాంతంగా పెంచారు. ఆ తర్వాత 1951లో, సగం వాక్యం చూపించి తర్వాతి అక్షరం చెప్పమని మనుషులను అడిగి, భాషలో ఎంత భాగం ముందే ఊహకు అందుతుందో కొలిచారు.

ఆ ప్రయోగం గురించి చదివిన తెలుగువాడికి వెంటనే గుర్తొచ్చేది అష్టావధానంలోని నిషిద్ధాక్షరి. అవధాని పద్యంలో ఒక అక్షరం చెబుతాడు. పృచ్ఛకుడు తర్వాత ఏ అక్షరం రావచ్చో పసిగట్టి, దాన్ని వాడొద్దంటాడు. అవధాని ఇంకో దారి వెతుక్కోవాలి. పృచ్ఛకుడి బుర్రలో అప్పుడు నడిచేది అచ్చంగా సంభావ్యతల పట్టికే. భాష బాగా వచ్చినవాడికే ఆ నిషేధం పెట్టడం వస్తుంది. యంత్రానికి నేర్పాల్సి వచ్చిన విద్య కూడా సరిగ్గా ఇదే.

1952లో బెల్ ల్యాబ్స్‌లో 'ఆడ్రీ' అనే యంత్రం సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలను గుర్తుపట్టింది. తర్వాతి పదేళ్లను దాటేయవచ్చు. కాటూరు కుర్రాడు పెద్దవాడవుతున్న కాలం అది.

రాజ్ రెడ్డి 1937 జూన్ 13న పుట్టారు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ఆయనే. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. 1960లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం నుంచి ఎం.టెక్. పట్టా అందుకున్నారు. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్ చేరి, 'కృత్రిమ మేధ' అన్న పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గర శిష్యరికం చేసి 1966లో డాక్టరేట్ పొందారు. ధ్వని తరంగాన్ని కంప్యూటర్ నేరుగా విశ్లేషించి మాటను గుర్తుపట్టడమే ఆయన సిద్ధాంత గ్రంథ విషయం. 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌కు మారారు. అదే ఏడాది బెల్ ల్యాబ్స్ పెద్ద జాన్ పియర్స్ ఒక పత్రికకు లేఖ రాస్తూ, ఈ రంగంలో జరుగుతున్నది శాస్త్రం కాదని దుమ్మెత్తిపోశారు. అలాంటి గాలి వీస్తున్నప్పుడు ఆ పనికే జీవితాన్ని అప్పగించడం చిన్న ధైర్యం కాదు.

1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ఆర్పా అయిదేళ్ల పథకం పెట్టింది. వెయ్యి మాటల పదజాలంతో గడగడా చెప్పిన వాక్యాన్ని యంత్రం అర్థం చేసుకోవాలి, తప్పులు పది శాతం లోపు ఉండాలి. రెడ్డి బృందం మొదట చేసిన 'హియర్‌సే' నోటితో చెప్పిన చదరంగం ఎత్తులను విని ఆట ఆడింది. మాట సరిగా వినపడకపోయినా, బల్ల మీద ఆ క్షణంలో చెల్లే ఎత్తులు ఏవో దానికి తెలుసు కాబట్టి వాటిలోంచి ఏరుకునేది. ఆ బృందం నమ్మకం అంతా అలాంటి జ్ఞానం మీదే. వ్యాకరణం, అర్థం, సందర్భం అన్నీ యంత్రానికి పాఠంలా చెప్పాలి.

అదే ప్రయోగశాలలో జేమ్స్ బేకర్ అనే విద్యార్థి వేరే దారి పట్టారు. 1975లో ఆయన చేసిన 'డ్రాగన్' ఏ నియమమూ నేర్చుకోలేదు. ఒకదాని వెంట ఒకటిగా సాగే మార్కోవ్ గొలుసు లెక్కే దానికి ఆధారం. బయటికి వినిపించేది ధ్వని, దాని వెనుక దాగి ఉన్నది మాట. ఫలానా మాట పలికితే ఇలాంటి ధ్వని వచ్చే అవకాశం ఎంత? అసలు ఆ మాట ఈ చోట వచ్చే అవకాశం ఎంత? ఈ రెంటినీ గుణించి, ఎక్కువ విలువ వచ్చిన మాటను ఎంచుకోవడమే 'హిడెన్ మార్కోవ్ మోడల్' పని. మనలో చాలామంది నోట 'కల్లు', 'కళ్లు' ఒకేలా పలుకుతాయి. ముందు 'ఈత' ఉంటే ఒకటి, 'రెండు' ఉంటే ఇంకొకటి. ఆ తేడాను చెవి చెప్పదు, లెక్క చెబుతుంది.

1976లో గడువు ముగిసేసరికి గీత దాటింది రెడ్డి బృందంలోని బ్రూస్ లవరీ చేసిన 'హార్పీ'. దానికి 1,011 మాటలు వచ్చు. డ్రాగన్ గొలుసునూ హియర్‌సే జ్ఞానాన్నీ కలిపి అల్లిన వలలో దాదాపు 15,000 స్థానాలున్నాయి. అన్ని దారులూ వెతికితే తెల్లవారిపోతుంది. అందుకే ప్రతి అడుగులోనూ ఆశ ఉన్న దారులను మాత్రమే ఉంచుకుని మిగతావాటిని వదిలేసింది. చేటలో జొన్నలు చెరిగే అమ్మ తాలును ఎగరగొట్టి గట్టి గింజను నిలుపుకున్నట్టే. 'బీమ్ సెర్చ్' అని పేరుపడ్డ ఆ ఉపాయం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇంత చేసినా ఆర్పా ఆ పథకాన్ని పొడిగించలేదు. బేకర్, ఆయన భార్య ఇద్దరూ అప్పటికే ఐబీఎంలో జెలినెక్ బృందంతో కలిశారు.

ఇక్కడినుంచి ఈ కథలో అన్నిటికన్నా అందమైన ఘట్టం. 1983లో కై-ఫు లీ అనే తైవాన్ యువకుడు రెడ్డి దగ్గర పరిశోధకుడిగా చేరాడు. గురువుగారి ఆలోచన నిపుణుల జ్ఞానాన్ని నియమాలుగా రాసి యంత్రానికి ఎక్కించే పద్ధతి. లీ కొంతకాలం ఆ దారిలో నడిచి, అది ఏ గొంతుకైనా పనికొచ్చేలా ఎదగదని తేల్చుకున్నాడు. గురువు దగ్గరికి వెళ్లి, తాను గణాంక పద్ధతిలో చేస్తానన్నాడు. నీ అభిప్రాయంతో ఏకీభవించనని, అయినా నీకు అండగా ఉంటానని రెడ్డి చెప్పిన సంగతిని లీ తర్వాత పదేపదే గుర్తుచేసుకున్నాడు. అండ అంటే మాటసాయం కాదు. కంప్యూటర్లు కావాలి, గొంతులు కావాలి, జీతాలు కావాలి. తాను నమ్మని దారికి తన చేతిలో ఉన్న వనరులన్నీ ఇచ్చారు ఆ గురువు. మన విశ్వవిద్యాలయాల్లో గైడు మాటకు ఎదురుచెప్పిన విద్యార్థి పాట్లు తెలిసినవారికి ఈ ఘట్టం బరువెంతో విడమరచి చెప్పనక్కర్లేదు.

1988లో 'స్ఫింక్స్' బయటికొచ్చింది. 105 మంది చదివిన 4,200 వాక్యాలతో తర్ఫీదు. పదజాలం 997 మాటలు. ముందుగా గొంతు నమోదు చేయించుకోని మనిషి ఆపకుండా మాట్లాడినా అర్థం చేసుకుంది. ఏ మాట తర్వాత ఏది వస్తుందో ఏమీ చెప్పకుండా వదిలేస్తే 71 శాతం మాటలు సరిగా పట్టింది. ఏ మాట తర్వాత ఏ మాట ఎంత తరచుగా వస్తుందో లెక్క ఇస్తే అది 96 శాతానికి చేరింది. మధ్యలో ఉన్న పాతిక శాతమే పృచ్ఛకుడి విద్య. 1994లో రెడ్డికి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

హైదరాబాద్‌లో 1998లో ట్రిపుల్ ఐటీ ఏర్పడింది. రెడ్డి దాని పాలక మండలికి అధ్యక్షులయ్యారు. 2005 నాటికి అక్కడి పరిశోధకులు హెచ్‌పీ ల్యాబ్స్‌తో కలిసి తెలుగు, తమిళం, మరాఠీల్లో దాదాపు 560 మంది గొంతులు సేకరించి, స్ఫింక్స్ వారసత్వపు పనిముట్లతోనే తెలుగు మాట గుర్తించే ప్రయత్నం చేశారు. 1977 నుంచి 1980 దాకా కార్నెగీ మెలన్‌లో పనిచేసి, మద్రాసు ఐఐటీలో పాఠాలు చెప్పి, 2006లో ట్రిపుల్ ఐటీకి వచ్చిన బి.యజ్ఞనారాయణ ఒక తరాన్ని తయారుచేశారు. ఆయన శిష్యుల్లో ఒకరైన కె.శ్రీరామమూర్తి పనిచేస్తున్న హైదరాబాద్ ఐఐటీ, జహీరాబాద్ వెళ్లే ముంబయి రహదారి మీద కందిలోనే ఉంది. 2018 సెప్టెంబరులో ఈ రంగపు అతిపెద్ద సదస్సు ఇంటర్‌స్పీచ్ హైదరాబాద్‌కు వచ్చింది. ఆ సందర్భంగా మైక్రోసాఫ్ట్ తెలుగు, తమిళం, గుజరాతీల్లో ఒక్కో భాషకు 50 గంటల మాటలు ఇచ్చి పోటీ పెట్టింది. అప్పటికి మార్కోవ్ గొలుసులను న్యూరల్ నెట్‌వర్కులు పక్కకు నెడుతున్నాయి. 2022లో కేంద్రం 'భాషిణి' ప్రారంభించింది. ఆ తర్వాత ఎవరు ఎంత సేకరించారో, ఏ మోడల్ దేన్ని మించిందో వరసపెట్టి చెప్పడం కష్టం. ఒక సంస్థ కొత్తది చెప్పిన నెలకే ఇంకో సంస్థ ఇంకోటి చెబుతోంది.

ఒక్కటి మాత్రం మారలేదు. యంత్రం ఎవరి మాట విని పెరిగిందో వారి మాటే బాగా వింటుంది. తెలుగులో 'వస్తాడనుకున్నవాళ్లందరికీ' అన్నది ఒకే మాట. అలాంటివి జాబితాకు ఎక్కేసరికి పదజాలం లక్షల్లోకి పోతుంది. దానికి తోడు జహీరాబాద్ నోట 'వచ్చాడు' కాస్తా 'వచ్చిండు' అవుతుంది, 'కొంచెం' బదులు 'జర' వస్తుంది, రాగులు తైదలవుతాయి. సంతకొచ్చిన మనిషి ఒకే వాక్యంలో తెలుగు, దక్కనీ, బీదర్ వైపు కన్నడ కలిపేస్తాడు. పత్రికల భాషా వార్తాప్రసారాల భాషా విని పెరిగిన చెవికి ఈ వాక్యం కొత్త.

ఈ గొంతుల విలువ జహీరాబాద్ వాళ్లకు ఎప్పుడో తెలుసు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పాక కూడా లైసెన్సు కోసం ఏళ్ల తరబడి ఆగాయి. ఆగినన్నాళ్లూ కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసుకుని సంఘాల్లో వినిపించుకున్నాయి. 2008 అక్టోబరు 15న మాచనూరులో 90.4 మీద సంఘం రేడియో మొదలైంది. విత్తనం, పశువుల వైద్యం, పాటలు, పండుగలు, అన్నీ అక్కడి యాసలోనే. మైకు ముందు కూర్చునేది దళిత మహిళా రైతులు.

స్ఫింక్స్‌కు 105 మంది గొంతులు సరిపోయాయి; ఇన్ని యాసలున్న తెలుగుకు అన్ని చాలవు. సంక్రాంతికి ఈ పల్లెల్లో పాత పంటల జాతర మొదలవుతుంది. కొర్రలు, సామలు, తైదలు, పచ్చజొన్నల విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. ప్రతి ఊళ్లోనూ జనం బండ్ల చుట్టూ చేరి ఏ విత్తనం ఏ నేలకు పనికొస్తుందో పేరుపేరునా చెప్పుకుంటారు. తెలుగు గొంతులు సేకరించేవాళ్లు రికార్డరు పట్టుకుని బయల్దేరడానికి అంతకన్నా మంచి నెల ఉండదు.