అమ్మవారి మచ్చ

2020 శ్రావణంలో మా ద్రాక్షారామంలో ఎవరైనా పోయారని కబురొస్తే జనం ముందు అడిగేది వయసు. నలభై అంటే "అయ్యో" అని అక్కడే నిలబడిపోయేవారు. డెబ్బై అయిదంటే "పెద్దాయనే కదండీ, షుగరు కూడా ఉందంట" అని మాస్కు సర్దుకుని నడిచేవారు. నాకప్పుడు 66. బడిపంతులుగా రిటైరై ఎనిమిదేళ్ళయింది. ఆ "పెద్దాయనే కదండీ"లో నా వంతు ఎంతో లెక్క వేసుకుంటూ అరుగు మీద కూర్చునేవాణ్ణి.

మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ సడలించి జూన్ 8 నుంచి గుళ్ళు తెరవొచ్చన్నారు. 65 దాటినవాళ్ళూ, పదేళ్ళలోపు పిల్లలూ మాత్రం ఇంట్లోనే ఉండాలని కేంద్రం సూచన. మా మనవడికి తొమ్మిది. ఇద్దరం గీతకి ఒకే పక్కన పడ్డాం. "వచ్చే ఏడు నేను వెళ్ళొచ్చు తాతయ్యా, మరి నువ్వో?" అన్నాడు వెధవ. నేను గుడికి వెళ్ళలేదు. వీధిలోంచే భీమేశ్వరుడి గోపురానికి దణ్ణం పెట్టుకుని వచ్చేవాణ్ణి. కాశీ నుంచి శివుడు వెళ్ళగొడితే వ్యాసుడు వచ్చి చేరింది ఈ క్షేత్రానికేనని శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో చెప్పాడు. ఆ ముసలాయన ఆధార్ కార్డు ఎవరూ అడగలేదు కాబోలు.

మహమ్మారి అన్న మాటలోనే మారి ఉంది. పెద్దాపురం మరిడమ్మని ఆషాఢంలో కొలిచేదీ, ఊరూరా పొలిమేరలో అమ్మవారికి గుడి కట్టిందీ ఆ భయంతోనే. మా చిన్నప్పుడు మశూచికాన్ని ఎవరూ రోగం అనేవారు కాదు. "అమ్మవారు పోసింది" అనేవారు. 1963లో మా అక్కకి పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. వంటలో పోపు మానేశారు. లేత అరిటాకులు పరిచి పడుకోబెట్టారు. అమ్మని గదిలోకి రానివ్వలేదు, ఎందుకంటే చంకలో తమ్ముడున్నాడు. లోపల కూర్చున్నది మా మామ్మ. అప్పటికి ఆవిడకీ అరవై అయిదో, అరవై ఆరో. చిన్నతనంలోనే అమ్మవారు పోసి, మొహమంతా గుంటలు. ఒకసారి పోస్తే మళ్ళీ పోయదని ఊరందరికీ తెలుసు. అందుకే ఎవరింట్లో పోసినా ముందు ఆవిడకే కబురు. వేపరెమ్మతో ఒళ్ళు నిమురుతూ, రాత్రుళ్ళు పిల్లల చేతులు పట్టుకుని, గోకనివ్వకుండా కాపలా కాసేది. చివర పసుపూ వేపాకూ వేసిన నీళ్ళు తలకి పోయించి బయటికి వచ్చేది.

ఈ కథ నేను చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. అప్పట్లో మహమ్మారి వస్తే ముసలివాళ్ళు ముందుండేవారు, ఇప్పుడు గదిలో పెడుతున్నారు అని. ఆ శ్రావణంలో పనేమీ లేక తిరగేసి చూస్తే ఇంకోటి కనిపించింది.

మామ్మ 1918 ఇన్‌ఫ్లుయెంజాలో భర్తని పోగొట్టుకుంది. దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసిన ఆ జ్వరం ముసలివాళ్ళ కంటే ఇరవై, నలభై ఏళ్ళ మధ్యవాళ్ళనే ఎక్కువగా ఏరుకుంది. తాతయ్య ఆ వయసువాడే. నాన్న అప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడు. ఆనాటి నుంచి పెళ్ళిళ్ళలో మామ్మ వంటింటి వెనకాలే. ఎవరైనా ప్రయాణమై బయల్దేరుతుంటే తనే పక్కకి తప్పుకునేది. శుభానికి ఎదురు రాకూడని మనిషి అమ్మవారు పోసిన ఇంటికి మాత్రం ముందు కావాలి. మచ్చల వల్ల పిలిచారన్నది నిజమే. అయితే మచ్చలున్న మగవాళ్ళూ ఊళ్ళో ఉన్నారు, వాళ్ళని ఎవరూ పిలవలేదు. ఆవిడకి ఏమైనా అయితే ఎవరి సంసారం ఆగిపోతుంది అన్న లెక్క కూడా ఆ పిలుపులో ఉందని ఇప్పుడు నా అనుమానం. మామ్మకి ఆ అనుమానం ఉండేదా? ఉన్నా పైకి అనే మనిషి కాదు.

అదే లెక్క 2020లో కాగితం మీదికి ఎక్కింది. మార్చిలో ఇటలీ మత్తువైద్యుల సంఘం, పడకలు చాలకపోతే ఐసీయూలో చేర్చుకోడానికి వయసు హద్దు పెట్టాల్సి రావచ్చని రాసింది. మరుసటి ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోవివక్ష మీద పెద్ద నివేదికే తెచ్చింది. మా ఊళ్ళో కాగితాల అవసరం లేకపోయింది, "పెద్దాయనే కదండీ" చాలింది. దహనానికి ఇరవై మందికి మించకూడదన్న రోజుల్లో, కొందరు పెద్దవాళ్ళ వెనకాల ఆ ఇరవై మందీ కూడా లేరు.

2021 మార్చి 1న అరవై దాటినవాళ్ళకి టీకా మొదలైంది. ఆ నెలలోనే నేనూ వెళ్ళాను. వరస నిండా మా ఈడువాళ్ళే. చొక్కా చెయ్యి పైకి మడిస్తే, ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఆ నర్సమ్మ సూది ఆపి నా జబ్బ కేసి చూసింది.

"బీసీజీదా తాతగారూ? ఇంత పెద్దగా ఉందేంటి?"

మా కాలంలో సూదులున్న బిళ్ళని చేతికి ఆనించి గిర్రున తిప్పేవారు. టీకాలాయన వస్తున్నాడంటే అటకెక్కి దాక్కునేవాళ్ళం.

"అమ్మవారి టీకాదమ్మా," అన్నాను.

"ఏ అమ్మవారు?"

నా వెనకున్నావిడ పకపకా నవ్వి, జాకెట్టు చెయ్యి పైకి జరిపి తన మచ్చ కూడా చూపించింది.