కోత పండుగ: కృతజ్ఞతార్పణ చరిత్రలో పరదేశి స్థానం

మన సంఘాలలో కోత పండుగనాడు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు పరిశుద్ధ బల్ల ముందుకు వస్తాయి. ఆరాధన ముగిసిన తరువాత వేలంపాట జరుగుతుంది. ఈ పండుగ చరిత్రను పరిశీలించడానికి లేఖనమే మనకు ఒక కొలత ఇచ్చింది. వారముల పండుగలో ఇంటివారితోపాటు దాసదాసీలు, లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు కలిసి సంతోషించాలని ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయం ఆజ్ఞాపిస్తున్నది. అంటే కృతజ్ఞతార్పణకు రెండు అంశాలున్నాయి: దేవునికి అర్పణ, భూమిలేనివారికి భాగం. రెండవది లోపించినప్పుడు మొదటిది ఏమవుతుంది?

ఇంగ్లండులో మధ్యయుగాలలో ఆగస్టు 1న కొత్త గోధుమల రొట్టెను దేవాలయానికి తెచ్చే ఆచారం ఉండేది. సంస్కరణోద్యమం తరువాత అది క్రమంగా మరుగునపడింది. 1843లో కార్న్‌వాల్ ప్రాంతంలోని మోర్వెన్‌స్టో గ్రామ గురువు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ దానిని మరల గుర్తుచేసి, అక్టోబరు 1 ఆదివారమున కొత్త పంట రొట్టెతో ప్రభు సంస్కారమునకు తన సంఘస్థులను పిలిచాడు. రైతు, కూలి ఒకే రొట్టెలో పాలుపొందే పండుగ అది. తరువాతి దశాబ్దాలలో ఆంగ్లికన్ సంఘాలలో కోత పండుగ విస్తరించడానికి ఇది నాంది అయింది.

అమెరికాలో 1621లో ప్లిమత్ వలసవాసులు తమ మొదటి పంట కోసుకొన్నారు. మూడు దినాల ఆ విందులో వాంపనోగ్ నాయకుడు మాససోయిట్, అతని మనుష్యులు సుమారు 90 మంది పాల్గొన్నారు. వారు ఐదు జింకలను తెచ్చారు. ఇక్కడ పరదేశులు వలసవాసులే. బల్లకు ఆహారం తెచ్చినవారు ఆ దేశస్థులు. అయితే 1676లో మాససోయిట్ కుమారుడు మెటాకోమ్ యుద్ధంలో హతుడయ్యాడు. అతని తలను ప్లిమత్‌లోనే ప్రదర్శనకు ఉంచారు. 1863లో అంతర్యుద్ధం మధ్య అబ్రహాం లింకన్ జాతీయ కృతజ్ఞతా దినాన్ని ప్రకటించినప్పుడు విధవరాండ్రను, అనాథలను జ్ఞాపకం చేసుకొమ్మని కోరాడు. అయినను 1970 నుండి స్థానిక జాతులవారు ఆ దినాన ప్లిమత్‌లో సమకూడి దానిని సంతాప దినంగా పాటిస్తున్నారు.

జర్మనీలో అక్టోబరు మొదటి ఆదివారమున సంఘాలు కోత కృతజ్ఞతా పండుగ ఆచరిస్తాయి. 1933లో నాజీ ప్రభుత్వం ఈ పండుగను తన చేతిలోకి తీసుకొని, హామెల్న్ పట్టణం దగ్గరి బుకెబెర్గ్ కొండపై లక్షలాది ప్రజలను సమకూర్చింది. దానికి రెండు దినాల ముందు, సెప్టెంబరు 29న చేసిన వ్యవసాయ భూముల చట్టం, జర్మన్ లేదా దానికి సంబంధించిన రక్తం కలవారినే ‘రైతు’ అని గుర్తించింది. యూదులకు ఆ పేరు నిషిద్ధమైంది. 1937 వరకు సాగిన ఆ సభలలో స్తుతి దేవునికి కాక నాయకునికి చెందింది. పరదేశిని వెళ్లగొట్టిన పండుగలో దేవునికి కూడ చోటు మిగలలేదు.

మన తెలుగు సంఘ చరిత్ర దీనికి భిన్నమైనది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య కాలంలో ఆ మేత్రాసనపు విశ్వాసులలో అధికులు మాల, మాదిగ వ్యవసాయ కూలీలు. వారు కోసింది చాలావరకు ఇతరుల పొలాలు. అట్టి బీదలు కూడ ఇవ్వగలరని, ఇచ్చుట ఆరాధనలో భాగమని అజరయ్య బోధించాడు. ధర్మశాస్త్రం ఎవరికి భాగం ఇమ్మన్నదో వారే ఇక్కడ అర్పకులయ్యారు.

ఈ స్వాస్థ్యం మనకు బాధ్యతను కూడ తెస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో తెలంగాణ పొలాలలో నాట్లు వేయడానికి బీహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ కూలీలు వస్తున్నారు. మన గ్రామంలో పరదేశి ఎవరని విద్యార్థులు అడిగితే కాపరి వారినే చూపవచ్చును. వేలంపాట సొమ్ములో వారికి, గ్రామంలోని విధవరాండ్రకు భాగమెంత అనే ప్రశ్నను సంఘ కమిటీ పండుగకు ముందే చర్చించాలి. లెక్క పుస్తకంలో ఆ పద్దు లేనిదే మన కోత పండుగ ద్వితీయోపదేశకాండపు కొలతకు సరిపడదు.